ఆయిలర్ పండితుడును 4294967297 అను సంఖ్యయు

చదరంగపు పలకపై గోధుమగింజల కథను మన విద్యార్థులలో పెక్కురు వినియే యుందురు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టించుచు బోయినచో ముప్పదిమూడవ గడిలో నుంచవలసిన గింజలు 4294967296. ఆ రాశిపై మరియొక్క గింజను వేసిన నేర్పడు సంఖ్య 4294967297. అనగా నాలుగువందల ఇరువదితొమ్మిది కోట్ల నలువదితొమ్మిది లక్షల అరువదియేడు వేల రెండువందల తొంబదియేడు. పైకి జూచిన ఈ సంఖ్యయందు విశేష మేమియు గానరాదు. అయినను ఒక మహాపండితుని నమ్మకము దీనిని గూర్చి తొంబదిరెండేండ్ల కాలము చెక్కు చెదరక నిలిచియుండెను. ఇరువదియైదేండ్ల యువకు డొకడు దానిని ఒక్క భాగహారముతో తొలగించెను. ఆ యువకుడే లియొనార్డ్ ఆయిలర్. ఆయన జీవితచరిత్రమును, ఈ సంఖ్య చరిత్రమును గలిపి చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆయిలర్ క్రీ. శ. 1707వ సంవత్సరము ఏప్రిల్ నెల 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెల్ నగరమున జన్మించెను. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ సంఘ బోధకుడు. తల్లి మార్గరెట్ బ్రూకర్ కూడ బోధకుని కుటుంబమున బుట్టినదే. శిశువు జన్మించిన కొలదికాలమునకే ఆ దంపతులు సమీపమందలి రీహెన్ గ్రామమునకు బోయి కాపురముండిరి. పాల్ ఆయిలర్ తన విద్యార్థిదశలో జేకబ్ బెర్నూలీ అను గణితశాస్త్రజ్ఞుని ఉపన్యాసములను వినినవాడు. అందుచే కుమారునకు మొదటి లెక్కలను తానే నేర్పెను. కాని కుమారుడును తనవలెనే బోధకుడై సంఘసేవ చేయవలెననియే ఆయన కోరిక.

పదుమూడేండ్ల ప్రాయమున ఆయిలర్ బాజెల్ విశ్వవిద్యాలయమున బ్రవేశించెను. అచ్చట జేకబ్ తమ్ముడైన యోహాన్ బెర్నూలీ గణితాచార్యుడుగా నుండెను. ఆయన మిక్కిలి పనిగలవా డగుటచే ఈ బాలునకు వేరుగా పాఠములు చెప్పుట కంగీకరింపలేదు. కఠినములైన గ్రంథములను స్వయముగా జదువుకొనుమనియు, తెలియని చోటులున్నచో శనివారము మధ్యాహ్నమున వచ్చి యడుగుమనియు సెలవిచ్చెను. ఆయిలర్ వారమంతయు శ్రమపడి, గురువును సాధ్యమైనంత తక్కువ ప్రశ్నలతో మాత్రమే తొందరపెట్టవలెనని యత్నించెడివాడు. ఒక చిక్కు విడినతోడనే మరి పది చిక్కులు వానంతట నవియే విడిపోవుట ఆయన యనుభవము. తండ్రి కోరికచే గ్రీకు, హీబ్రూ భాషలను, దైవశాస్త్రమును గూడ అభ్యసించెను. కాని మనస్సు గణితమునందే లగ్నమై యుండెను. తుదకు యోహాన్ బెర్నూలీ ఈ బాలుని ప్రతిభను గూర్చి తండ్రితో మాటలాడి యొప్పించెను. పాల్ ఆయిలర్ తన కోరికను విడిచి కుమారుని దారిని కుమారునకే విడిచిపెట్టెను.

ఆ దినములలో రష్యా దేశపు రాజధానియగు సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున పీటరు చక్రవర్తి సంకల్పించిన విజ్ఞానపరిషత్తు క్రొత్తగా నెలకొనియుండెను. యోహాన్ కుమారులు అచ్చట ఉద్యోగములను బొంది, ఆయిలరునకును స్థానమును సంపాదించిరి. 1727వ సంవత్సరమున ఇరువదియేండ్ల వయస్సున ఆయన స్వదేశమును విడిచి రష్యా జేరెను. మరల జన్మభూమియందు నివసించు భాగ్య మాయనకు గలుగలేదు.

ఆ పరిషత్తునందు క్రిస్టియన్ గోల్డ్‌బాఖ్ అను విద్వాంసుడు కార్యదర్శిగా నుండి, పిమ్మట మాస్కో నగరమునకు బోయెను. ఆయనకును ఆయిలరునకును చిరకాలము ఉత్తరప్రత్యుత్తరములు జరిగెను. 1729వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీని వ్రాసిన లేఖలో గోల్డ్‌బాఖ్ ఒక ప్రశ్న వేసెను. అది ఫెర్మా యను ఫ్రెంచి పండితుని సంఖ్యలను గూర్చినది.

ఆ ప్రశ్నను దెలిసికొనుటకు ముందు ప్రధాన సంఖ్య యన నేమో జ్ఞాపకము చేసికొందము. ఒకటికంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను శేషము లేకుండ భాగింపబడని సంఖ్యకు ప్రధాన సంఖ్య యని పేరు. 7, 13, 29 ఇట్టివి. 15 ఇట్టిది గాదు. అది 3 × 5 అగును. ఇట్లు విడదీయదగిన వానిని సంయుక్త సంఖ్యలందురు.

ఫెర్మా తూలూజ్ నగరమున న్యాయాధికారి. తీరిక సమయములందు మాత్రమే గణితమును సాధన చేసెడివాడు. అయినను సంఖ్యాశాస్త్రమున ఆయనకు సాటి యానాడు లేడు. ఆయన 2ను దీసికొని, దానిని దానిచేతనే గుణించి 4, దానిని మరల దానిచేతనే గుణించి 16, పిదప 256, పిదప 65536, ఇట్లు వరుసగా వర్గములను జేయుచు బోయి, ఒక్కొక్కదానికి ఒకటి చేర్చెను. అప్పుడు 3, 5, 17, 257, 65537 అను సంఖ్యలు వచ్చినవి. ఈ యైదును ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో తరువాతిది 65536 యొక్క వర్గమునకు ఒకటి చేర్చగా వచ్చునట్టి 4294967297. ఈ వరుసయందలి సంఖ్యలన్నియు ఎంత దూరము పోయినను ప్రధాన సంఖ్యలే యగునని ఫెర్మా 1640వ సంవత్సరమున తన మిత్రులకు వ్రాసెను. తనకు నిదర్శనము దొరకలేదని యొప్పుకొనెను గాని, నమ్మకము మాత్రము దృఢముగా నుండెను. ఫెర్మా 1665లో మరణించెను. అంతటివాడు చెప్పినదానిని కాదనుట కెవరికిని ధైర్యము గాని సాధనము గాని లేకపోయెను.

ధైర్యము లేకపోవుటకు కారణము గలదు. ఒక సంఖ్య ప్రధానమగునో కాదో తెలియవలెనన్నచో, దాని వర్గమూలమువరకు గల ప్రధాన సంఖ్యలన్నిటితోను భాగించి చూడవలెను. ఈ సంఖ్య వర్గమూలము ఇంచుమించు 65536. ఆ లోపలి ప్రధాన సంఖ్యలు 6542. యంత్రములు లేని కాలమున పదియంకెల సంఖ్యను అన్ని మారులు భాగించుట సామాన్యమైన పని గాదు.

గోల్డ్‌బాఖ్ ప్రశ్నను ఆయిలర్ మొదట అంతగా లక్ష్యపెట్టలేదు. మిత్రుడు మరల మరల ఆ ప్రసంగమును దెచ్చుటచే ఫెర్మా వ్రాతలను శ్రద్ధతో జదివెను. 1732వ సంవత్సరము సెప్టెంబరు నెలలో పరిషత్తునకు సమర్పించిన యొక చిన్న వ్యాసమున, 4294967297 అను సంఖ్య 641 చేత నిశ్శేషముగా భాగింపబడుచున్నదని తెలిపెను. భాగఫలము 6700417. ఈ రెండును ప్రధాన సంఖ్యలే గావున ఇంకను విడదీయుటకు వీలులేదు. ఇంతటితో ఫెర్మా నమ్మకము తొలగిపోయెను.

ఆ వ్యాసమున తాను 641ని ఎట్లు కనుగొనెనో ఆయిలర్ వివరింపలేదు. 1750లో ప్రకటితమైన మరియొక వ్యాసమున ఆ రహస్యమును వెల్లడించెను. ఈ సంఖ్యను భాగింపగల ప్రధాన సంఖ్య యేదైనను 64 చేత భాగించినపుడు ఒకటి శేషింపవలెను. అట్టి సంఖ్యలు వరుసగా 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీనిలో 65, 385 అనునవి 5చేతను, 129, 321, 513 అనునవి 3చేతను భాగింపబడును గాన ప్రధానములు గావు. మిగిలినవి 193, 257, 449, 577, 641 అను నైదే. 193తో భాగించిన 109 శేషించును. 257తో భాగించిన 2, 449తో భాగించిన 325, 577తో భాగించిన 288 శేషించును. 641తో భాగించిన శేష మేమియు లేదు. వరుసగా ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుచు వచ్చినవానికి 641 నూటపదునారవదిగా తగులును. త్రోవ నెరిగినవానికి అయిదవదిగా తగిలెను.

ఈ సంగతిని మన విద్యార్థులు పలకపైననే పరీక్షింపవచ్చును. 65536ను 641చే భాగింపుడు. భాగఫలము 102, శేషము 154. కావున 65536 యొక్క వర్గమును 641చే భాగించిన వచ్చు శేషమును, 154 యొక్క వర్గమును 641చే భాగించిన వచ్చు శేషమును ఒక్కటియే. 154 యొక్క వర్గము 23716. దానికి ఒకటి చేర్చిన 23717. ఇది సరిగా 641 × 37. కావున మన పెద్దసంఖ్యయు 641చే నిశ్శేషముగా భాగింపబడవలసినదే. మూడవ ఫారము చదువు బాలుడు సైతము కొలది నిమిషములలో చేయగల లెక్క యిది. తొంబదిరెండేండ్లు ఐరోపాలో నొక్కరును దీనిని చేసి చూడలేదు.

ఇందొక వింత గలదు. 64చే భాగింపగా ఒకటి శేషింపవలెనను నియమము ఎక్కడినుండి వచ్చినది? అది ఫెర్మాయే 1640లో నిదర్శనము లేకుండ ప్రకటించిన మరియొక సిద్ధాంతమునుండి పుట్టినది. ఆ సిద్ధాంతము సత్యమని ఆయిలర్ 1736లో నిరూపించెను. అనగా ఫెర్మాయొక్క ఒక మాటను ఆయిలర్ కాదనెను. మరియొక మాటను స్థిరపరచెను. ఆ స్థిరపరచిన మాటయే కాదనిన మాటకు సాధన మయ్యెను. ఫెర్మాపై గౌరవము ఆయనకు ఎన్నడును తగ్గలేదు. ఆ మహనీయుడు నిదర్శనము లేక విడిచిపోయిన సిద్ధాంతములను ఒక్కొక్కటిగా పరీక్షించుటయందు ఆయన తన జీవితమున చాల భాగమును వినియోగించెను.

1733లో డేనియల్ బెర్నూలీ స్వదేశమునకు మరలిపోగా గణితాచార్య పదవి ఆయిలరునకు లభించెను. మరుసటి యేట చిత్రకారుని కుమార్తెయగు కాథరీన్ గ్సెల్ అను నామెను వివాహమాడెను. వారికి బదుముగ్గురు సంతానము గలిగిరి గాని, బాల్యము దాటి బ్రదికినవారు అయిదుగురు మాత్రమే. బిడ్డల నొడిలో గూర్చుండబెట్టుకొని, తక్కినవారు చుట్టును ఆడుకొనుచుండగనే ఆయన కఠినమైన శాస్త్రవ్యాసములను వ్రాసెడివాడని చెప్పుదురు. 1738లో వ్యాధివలన కుడికంటి చూపు ఇంచుమించు పోయెను. ఆయన దానికి విచారింపక, ఇకమీదట మనస్సు చెదరుట తగ్గునని తలంచి తన పనియందే నిమగ్నుడయ్యెను.

1741లో ప్రష్యా రాజగు ఫ్రెడరిక్ ఆహ్వానముపై బెర్లిను నగరమునకు బోయి, ఇరువదియైదేండ్లు అచ్చటి పరిషత్తున పనిచేసెను. రాజునకు చమత్కార సంభాషణయందు ప్రీతి మెండు. ఆయిలర్ మితభాషి, భక్తిపరుడు, ఆడంబరము లేనివాడు. అందుచే వారిరువురకును మనస్సులు కలియలేదు. 1766లో రెండవ కాథరిన్ రాణి పిలుపున ఆయన మరల రష్యా జేరెను. అచ్చటికి వచ్చిన కొలదికాలమునకే ఎడమకంటియందు శుక్లము గ్రమ్మెను. 1771లో శస్త్రచికిత్స జరిగి కొన్ని దినములు చూపు వచ్చెను గాని, పిమ్మట వ్యాధి ముదిరి పూర్తిగ పోయెను. అదే సంవత్సరమున నగరమున నగ్నిప్రమాదము సంభవించి ఆయన యిల్లు కాలిపోయెను. బాజెల్ వాస్తవ్యుడగు పీటర్ గ్రిమ్ అను పనివాడు మంటలలోనికి దూరి ఆ యంధవృద్ధుని తన భుజములపై మోసికొనివచ్చి కాపాడెను. 1773లో ఆయన భార్య కాలధర్మము నొందెను.

ఇన్ని కష్టములు వచ్చినను ఆయన పని యాగలేదు. సరిగదా, హెచ్చెను. ఆయన వ్రాసిన యెనిమిదివందలకు మించిన వ్యాసములలోను గ్రంథములలోను ఇంచుమించు సగము చూపు పోయిన తరువాత నోటితో చెప్పి వ్రాయించినవే. బీజగణితమును గూర్చిన ప్రసిద్ధ గ్రంథమును, కుట్టుపని నేర్చుకొనుచుండిన యొక యువకునకు చెప్పుచు వ్రాయించెను. చెప్పుచున్నది ఆ యువకునకు బోధపడినదో లేదో చూచుకొనుచు వ్రాయించుటచే ఆ గ్రంథము మిక్కిలి సుబోధమయ్యె నందురు. పెద్ద పెద్ద లెక్కలను మనస్సుననే చేయు శక్తి ఆయనకు గలదు.

అట్టి యంధత్వమునందే, 1772లో ఆయన మరియొక పెద్దసంఖ్యను పరిశీలించెను. అది 2147483647. దీనిని రెట్టించి మూడు చేర్చినచో మన సంఖ్యయే వచ్చును. రెండును దగ్గరి చుట్టములవంటివి. కాని గుణము వేరు. ఇరువదియైదేండ్ల వయస్సున కన్నులతో జూచిన సంఖ్య సంయుక్తమని తేలెను. అరువదియైదేండ్ల వయస్సున కన్నులు లేక పరీక్షించిన ఈ సంఖ్య ప్రధానమని తేలెను. మొదటిదానికి భాజకమును గనుగొనుటయే చాలును. రెండవదానికి భాజకము లేనే లేదని చూపవలెను. అది మరింత శ్రమ. దానిని మించిన ప్రధాన సంఖ్య యొక్కటియు నానాడు నిరూపింపబడి యుండలేదు.

1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీని ఆయిలర్ తన మనుమనికి పాఠము చెప్పెను. ఆ దినములలో క్రొత్తగా ఎగురవేయబడిన పొగగుమ్మటముల గమనమును గూర్చి లెక్క వేసెను. క్రొత్తగా కనుగొనబడిన యురేనస్ గ్రహముయొక్క మార్గమును గూర్చి మిత్రులతో ముచ్చటించెను. ఆ సాయంకాలముననే మెదడునందు రక్తస్రావము గలిగి ప్రాణములు విడిచెను. అప్పటికి డెబ్బదియారేండ్ల వయస్సు. ఆయన విడిచిపోయిన వ్రాతలను ముద్రించుటకు పరిషత్తునకు దశాబ్దములు పట్టెను.

ఆయిలర్ పోయినను ఆ సంఖ్యల కథ ముగియలేదు. 1796లో గౌస్ అను పందొమ్మిదేండ్లు నిండని జర్మను యువకుడు, రేఖపట్టెయు వృత్తలేఖినియు మాత్రమే యుపయోగించి పదునేడు సమభుజముల క్రమాకృతిని రచింపవచ్చునని కనుగొనెను. 17 ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్య యగుటయే అందులకు గారణము. 4294967297 ప్రధాన సంఖ్య గాదు గనుక అన్ని భుజములుగల యాకృతిని అట్లు రచించుట కవకాశము లేదు. 1880లో లాండ్రీ యను ఎనుబదిరెండేండ్ల వృద్ధుడు వరుసలోని తరువాతి సంఖ్యయగు 18446744073709551617ను రెండు ప్రధాన సంఖ్యలుగా విడదీసెను. వానిలో చిన్నది 274177. దానిని మొదలుకొని వరుసగా ఇరువదియేడు సంఖ్యలు సంయుక్తములే యని నేడు నిశ్చయమైనది. ఫెర్మా ప్రధానములని తలంచిన వరుసలో, ఆయన చూచిన మొదటి యైదు తప్ప ఆరవది యింతవరకు ఒక్కటియు దొరకలేదు.

ఆయిలర్ మాత్రము పొరబడనివాడా యని యెవరైన నడుగవచ్చును. ఆయనయు పొరబడెను. ఒక సంఖ్యను అయిదు తావుల వేసి గుణింపగా వచ్చునది పంచఘాతము. కొన్ని పంచఘాతములను గూడిన మరియొక పంచఘాతము రావలెనన్న కనీస మైదైనను కూడవలెనని ఆయన తలంచెను. నిదర్శనము లేదు. దాదాపు రెండువంద లేండ్లు ఆ మాట నిలిచెను. 1966లో లాండర్, పార్కిన్ అను ఇరువురు గణనయంత్రము సాయమున 27, 84, 110, 133 అను నాలుగింటి పంచఘాతములను గూడినచో 144 యొక్క పంచఘాతమే వచ్చునని చూపిరి. వారి వ్యాసము రెండు వాక్యములు మాత్రమే. ఫెర్మా నమ్మకమునకు ఆయిలర్ చేసినదే ఆయిలర్ నమ్మకమునకు వారు చేసిరి. ఇందువలన ఫెర్మా కీర్తి గాని ఆయిలర్ కీర్తి గాని యావంతయు తగ్గలేదు.

విద్యార్థులారా! గురువులను, పెద్దలను గౌరవించుట మన ధర్మము. కాని గౌరవ మనగా వారు చెప్పిన లెక్కను చేసి చూడకుండ విడిచిపెట్టుట గాదు. అయిదు సంఖ్యలు సరిపోయినవి గదా యని ఆరవదియు సరిపోవునని తలంచుట మహాపండితునకు సైతము ప్రమాద మయ్యెను. చేసి చూచిన యువకునకు 641 అను మూడంకెల సంఖ్య చాలెను. మీరును ఈ పుటను మూసినపిదప పలకను దీసికొని 6700417ను 641చే గుణించి చూడుడు. ఈ వ్యాసకర్త వ్రాసినాడు గదా యని నమ్మకుడు.